అంకెలతో ఆటలు: రెండు దగ్గర ఆగే లెక్క

పోయిన సంచికలో ఒక చిన్న వరుస ఇచ్చి, తరువాత వచ్చే అంకె ఏమిటో రాయమన్నాను: 1, 2, 4, 8, 16. జవాబులు పంపిన వారిలో ఎక్కువమంది 32 అన్నారు. "మరీ ఇంత సులువైనది ఇస్తారా, మా రెండో తరగతి వాడు చెప్పేశాడు" అని ఒక తల్లి మెత్తగా చురక కూడా అంటించారు. 32 సరైన జవాబే, సందేహం లేదు. అయితే ఆ వరుస రాసేటప్పుడు నా మనసులో ఉన్నది మాత్రం 31.

కోప్పడకుండా ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. గుండ్రంగా ఒక గీత గీసి, దాని అంచు మీద ఒక చుక్క పెట్టండి. లోపల చీలిక ఏమీ లేదు, మొత్తం ఒకటే ముక్క. రెండు చుక్కలు పెట్టి కలిపితే రెండు ముక్కలు. మూడు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగిలిన వాటన్నిటితో తిన్నని గీతలతో కలిపితే నాలుగు ముక్కలు. నాలుగు చుక్కలకు ఎనిమిది, ఐదింటికి పదహారు. ఇంతవరకు అంతా రెట్టింపే. ఇప్పుడు ఆరో చుక్క పెట్టి, అన్నీ కలిపి, నిదానంగా లెక్కపెట్టండి. ముప్పై ఒకటే వస్తాయి. ఆ ముప్పై రెండో ముక్క కోసం ఎంత వెతికినా దొరకదు. ముగ్గులు వేసి చేయి తిరిగిన వారికి ఒక హెచ్చరిక: ఆరు చుక్కలూ సమాన దూరంలో అందంగా పెట్టారంటే మూడు గీతలు నడిమధ్యన ఒకే చోట కలుసుకుని ముప్పయ్యే వస్తాయి. చుక్కల్ని కాస్త ఎగుడుదిగుడుగా పెట్టాలి. ఏడు చుక్కలకు 57, ఎనిమిదింటికి 99. ఇక రెట్టింపు అన్న మాటే లేదు.

కాబట్టి 32 అన్నవారూ ఒప్పే, 31 అన్నవారూ ఒప్పే. వరుసలో పైకి కనబడేవి అంకెలు మాత్రమే. వాటిని నడిపే సూత్రం అడిగినవారి మనసులో ఉంటుంది. మనం ఊహించిన సూత్రం ఇచ్చిన అంకెలన్నిటికీ సరిపోతే అది కూడా జవాబే. బ్యాంకు పరీక్షలకు, ఉద్యోగపు పరీక్షలకు కూర్చునే పిల్లలు ఈ వరుసల్ని వందల కొద్దీ వల్లె వేస్తారు. అక్కడ పరీక్ష పెట్టేవారి మనసులో ఉన్నది పట్టుకోవాలి, తప్పదు. అయితే అది పోటీ, ఆట కాదు. ఆటలో రెండు వైపుల వాళ్ళకూ మాట్లాడే హక్కు ఉంటుంది.

వరుసలంటే అంత ప్రాణం పెట్టినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. అమెరికాలో నీల్ స్లోన్ అనే ఆయన 1964లో, ఇంకా కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లోనే, తన కంటబడిన అంకెల వరుసనల్లా కార్డుల మీద రాసి దాచడం మొదలుపెట్టాడు. 1973లో 2,372 వరుసలతో ఒక పుస్తకం వేశాడు. చదివినవాళ్ళు ఊరుకుంటారా, "ఇది వదిలేశారు, అది వదిలేశారు" అంటూ ఉత్తరాలు కుమ్మరించారు. ఇప్పుడు ఆ సేకరణ మూడున్నర లక్షలు దాటింది. అందులో మహా గణితవేత్తలు పంపినవీ ఉన్నాయి, ఊసుపోక కూర్చున్నవాళ్ళు పంపినవీ ఉన్నాయి.

ఇక మన ఊసుపోని వాళ్ళ సంగతికి వస్తాను. కృష్ణగిరి జిల్లాలో, హొసూరుకు దగ్గరలో అత్తిముగం అనే ఊరుంది. తెలుగువాడికి అత్తి అనగానే మేడిచెట్టు గుర్తుకు వస్తుంది. పాత తమిళంలో అత్తి అంటే ఏనుగు, ముగం అంటే ముఖం. ఊళ్ళో కొలువైన శివుడు ఐరావతేశ్వరుడు కాబట్టి ఏనుగు అర్థమే నప్పుతుంది. చూడండి, ఊరి పేరుకు కూడా రెండు సూత్రాలు! తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర మూడూ చేరువగా ఉన్న ప్రాంతం కావడం వల్ల అక్కడి మనిషి ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం మాట్లాడటం మామూలు విషయం.

అక్కడ మా బంధువుల ఇంటి అరుగు మీద, వీలు దొరికిన ఆదివారాల్లో సాయంత్రం పూట నలుగురైదుగురు చేరి ఈ వరుసల ఆట ఆడతారు. రిటైరైన లెక్కల అయ్యవారు ఒకరు, రోజాపూల తోట ఉన్న మామ ఒకరు, హొసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే అన్న ఒకరు, బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయి, ఆరో తరగతి పాప. పందెం వేయించిన శనక్కాయలు. వరుస చెప్పినవారు అందరికీ కనబడేట్టు పలక మీద రాయాలి. ఇంకో అంకె కావాలంటే ఐదు కాయలు కట్టి అడగాలి. ఎవరైనా వేరే జవాబు చెప్పి, దానికి తగిన సూత్రం చూపిస్తే ఒప్పుకుని పది కాయలు ఇచ్చుకోవాలి. ఈ చివరి నిబంధన అయ్యవారు పెట్టింది. దానికి కారణం ఆ పాపే.

బడి పరీక్షలో 2, 4, 8 తరువాత ఏమిటని అడిగితే పాప 14 అని రాసిందట. తప్పు వేసి మార్కు కొట్టేశారు. ఇంటికి వచ్చి ఏడుపు. అయ్యవారు దగ్గర కూర్చోబెట్టుకుని, "14 ఎట్లొచ్చింది పాపా?" అని అడిగారు. "రెండుకు రెండు కలిపితే నాలుగు, నాలుగుకు నాలుగు కలిపితే ఎనిమిది, ఎనిమిదికి ఆరు కలిపితే పద్నాలుగు. రెండు, నాలుగు, ఆరు కలుపుకుంటా పోతిని" అంది. దానికి ఏ వంకా పెట్టలేం. రెట్టింపు చేసేవాడికి 16, కలుపుకుంటూ పోయేవాడికి 14. నా మటుకు నాకు పాప సూత్రమే ఒక వన్నె ఎక్కువగా తోస్తుంది, ఎందుకంటే అది కనబడని దారి. ప్రశ్న ఇచ్చినవారు నాలుగో అంకె కూడా ఇచ్చి ఉంటే ఈ గొడవే లేదు. "ఎట్లొచ్చింది" అన్న ఒక్క మాట బడిలో అడిగి ఉన్నా సరిపోయేది.

ఒక సాయంత్రం అయ్యవారు పలక మీద ఈ వరుస రాశారు:

3, 2, 2, 3, 2, 2, 2, 4

ఇంజనీరింగు అమ్మాయి పక్కపక్క అంకెల తేడాలు తీసింది, తేడాల మధ్య తేడాలు తీసింది. ప్రధాన సంఖ్యలేమో అని చూసింది. అన్న, అది నెలల్లో రోజుల లెక్కేమో అన్నాడు. మామ ఐదు కాయలు కట్టి తరువాతి అంకె అడిగారు. 3 అన్నారు అయ్యవారు. ఇంకో ఐదు. 2. ఇంకో ఐదు. 4. కాయలు పోతున్నాయి గాని దారి దొరకలేదు. "పేపరు మీద దొరకదు, నోట్లో ఉంది చూడండి" అన్నారు ఆయన.

అరుగు చివర అవ్వ పడితో రాగులు కొలిచి గోనెలో పోస్తోంది. కొలత కొలిచేటప్పుడు మన పెద్దవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు కదా. "లాభం... రెండు... మూడు... నాలుగు..." అని అవ్వ పైకి అంటూ పోస్తుంటే పాప ఆ మాటలకు తగ్గట్టు వేళ్ళు మడుస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి, "నాలుగుకు మూడు, ఐదుకు రెండు, ఆరుకు రెండు! పేర్లలో అక్షరాలు!" అని అరిచింది.

అదే. ఒకటిలో మూడు అక్షరాలు, రెండులో రెండు, మూడులో రెండు, నాలుగులో మూడు, ఐదు, ఆరు, ఏడు తలా రెండు, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో మూడు, పదిలో రెండు, పదకొండులో నాలుగు. ఒత్తునూ సున్ననూ విడిగా లెక్కించం. పన్నెండు అంటే ప, న్నెం, డు. మూడే. చదువు రానివాళ్ళు చప్పట్లు కొట్టుకుంటూ పలికినా ఇదే లెక్క వస్తుంది. బెంగళూరులో ఎంత లెక్కలు చదివినా ఈ వరుస విప్పడానికి కావలసింది ఒక్కటే, నోటిలో తెలుగు అంకెలు ఉండటం.

ఆట అక్కడితో ఆగలేదు. పాప అయ్యవారినే పట్టుకుంది. "అవ్వ లెక్కలో మొదటిది లాభం. దాంట్లో రెండే అక్షరాలు. అప్పుడు వరుస 2, 2, 2, 3 అని కదా రావాల?" అయ్యవారు నవ్వి పది కాయలు లెక్కపెట్టి ఇచ్చారు. అవ్వ ఏడు కూడా అనదు, అది ఏడుపు మాట అని. ఆరున్నొక్కటి అంటుంది. ఆరున్నొక్క రాగం అనే మాట మన ఇళ్ళలో ఎందుకు పుట్టిందో దీన్నిబట్టి పిల్లలకు చెప్పవచ్చు. ఆరున్నొక్కటిలో ఐదు అక్షరాలు. అవ్వ వరుస 2, 2, 2, 3, 2, 2, 5, 4. సూత్రం అదే, నోరు మారితే వరుస మారింది.

ఇక్కడి నుంచి అసలు సరదా. ఏ సంఖ్యనైనా తీసుకోండి. దాని తెలుగు పేరులో ఎన్ని అక్షరాలున్నాయో రాయండి. వచ్చిన సంఖ్య పేరులో మళ్ళీ ఎన్నో రాయండి. అలా చేసుకుంటూ పొండి. పదకొండు తీసుకుంటే నాలుగు, నాలుగుకు మూడు, మూడుకు రెండు, రెండుకు రెండు. అక్కడ ఆగిపోయింది. ఇరవై ఎనిమిదికి ఏడు, ఏడుకు రెండు. 1956ను పందొమ్మిది వందల యాభై ఆరు అని చదివితే పదకొండు అక్షరాలు. మళ్ళీ నాలుగు, మూడు, రెండు. కోటి అయితే ఒకే గంతులో రెండు. మీరు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా రెండు దగ్గరికే వచ్చి ఆగుతారు. ఎందుకంటే మన భాషలో తన పేరులో ఎన్ని అక్షరాలో అంతే విలువ గల సంఖ్య రెండు ఒక్కటే. ఒకటి మాత్రం ఒకసారి పైకెక్కి మూడు అవుతుంది. మూడు నుంచి పైన ఉన్న ఏ సంఖ్య పేరులోనూ ఆ సంఖ్య విలువకు సరిపడా అక్షరాలు ఉండవు. అందుకని ఎక్కడినుంచి బయలుదేరినా దిగుతూనే రావాలి. నాలుగును నాల్గు అని పలికే ఇళ్ళున్నాయి, ఐదును అయిదు అని రాసేవాళ్ళున్నారు. దారి కాస్త మారుతుంది గాని చేరే చోటు మారదు.

హొసూరు ప్రాంతం వాళ్ళు కనుక ఆ రాత్రే మిగిలిన భాషలు కూడా బయటికి తీశారు. తమిళంలో పొల్లు హల్లును కూడా ఒక అక్షరంగా లెక్కపెడతారు. ఒన్రు అంటే ఒ, న్, రు, మూడు. ఇరండు అంటే నాలుగు. మూన్రు అంటే మూ, న్, రు, మూడు. మూడుకు మూడు! తమిళంలో అన్ని దారులూ మూడు దగ్గర ఆగుతాయి. ఆరుకు రెండు, రెండుకు నాలుగు, నాలుగుకు మూడు. ఇంగ్లీషులో ఫోర్ అనే మాటకు నాలుగు అక్షరాలు గనుక అక్కడ అన్నీ నాలుగు దగ్గరికి చేరుతాయి. ఇది ఇంగ్లీషు పజిలు పుస్తకాల్లో పాత సంగతే. తెలుగుకు రెండు, తమిళానికి మూడు, ఇంగ్లీషుకు నాలుగు. ఇదేమి మెట్లవరుసండీ అని మామ ముక్కున వేలేసుకున్నారు.

అయితే ఐదు దగ్గర ఆగే భాష ఏది అని వెతికేలోగా కన్నడం ఆట చెడగొట్టింది. కన్నడంలో ఎరడు అంటే రెండు, అందులో మూడు అక్షరాలు. మూరు అంటే మూడు, అందులో రెండు. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు, ఉయ్యాలలాగా ఊగుతూనే ఉంటుంది. ఒందు అన్నా, నాల్కు అన్నా, ఒంబత్తు అన్నా ఆఖరికి ఆ ఉయ్యాల ఎక్కవలసిందే. ఎక్కడా ఆగదు. పాపకు ఇదే అన్నిటికంటే నచ్చింది. ఇంజనీరింగు అమ్మాయి మాత్రం ఒక పేచీ పెట్టింది. పొల్లులు వదిలేసి తమిళాన్ని కూడా చప్పట్లతో లెక్కపెడితే ఏమవుతుంది? ఇరండుకు మూడు చప్పట్లు, మూన్రుకు రెండు. తమిళం కూడా ఉయ్యాల ఎక్కింది! రాత లెక్కలో ఆగేది, పలుకు లెక్కలో ఆగలేదు. దేన్ని అక్షరం అనాలన్న దాని మీద రాత్రి పదిదాకా వాదన నడిచింది. శనక్కాయలు ఎవరికి చెందాయో నాకు గుర్తులేదు.

ఒక పని మళ్ళీ మళ్ళీ చేస్తే అన్నీ ఒకే చోటికి వచ్చి చేరడం అనగానే లెక్కల ఆసక్తి ఉన్నవాళ్ళకు కాప్రేకర్ గుర్తుకు రావాలి. 1905లో పుట్టిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవళాలిలో బడిపంతులు. పెద్ద డిగ్రీలు లేవు, విశ్వవిద్యాలయం కుర్చీ లేదు. అంకెలతో ఆడుకోవడం తప్ప వేరే వ్యసనం లేదు. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకటే అంకె కాకూడదు. ఆ అంకెల్ని పెద్దది నుంచి చిన్నదికి ఒకసారి, చిన్నది నుంచి పెద్దదికి ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నదాన్ని తీసివేయండి. వచ్చినదానితో మళ్ళీ అదే చేయండి. ఆఖరికి 6174 వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఇక కదలదు, ఎందుకంటే 7641 లోంచి 1467 తీసేస్తే మళ్ళీ 6174. దీన్ని ఆయన 1949లో మద్రాసులో జరిగిన గణిత సభలో ప్రకటించారు. అప్పట్లో దీన్ని పట్టించుకున్న పెద్దలు తక్కువ. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ తన అమెరికా పత్రిక శీర్షికలో ఆయన గురించి రాశాక లోకానికి తెలిసింది. 1986లో కన్నుమూశారు.

కృష్ణగిరి జిల్లా ధర్మపురి నుంచి విడివడిన ఏడు 2004. ఆ అంకెలతో చేస్తే 4200 లోంచి 0024 పోగా 4176, మరుసటి మెట్టులోనే 6174. రెండే మెట్లు. అదే, రామానుజన్ గారి టాక్సీ నంబరు 1729తో మొదలుపెడితే 8442, 5994, 5355, 1998, 8082, 8532, ఆ తరువాత గాని 6174 రాదు. ఏడు మెట్లు. ఏ నాలుగంకెల సంఖ్యకూ ఏడుకు మించి పట్టవు. అంటే ఈరోడులో పుట్టిన రామానుజన్ పేరుతో ముడిపడిన సంఖ్య ఇక్కడ కూడా ఎక్కువ దూరం నడిచే వాటిలోనే చేరింది. దీనికి పెద్ద అర్థమేమీ లేదు, చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే.

తిరిగి తెలుగు అంకెల దగ్గరికి వద్దాం. పదుల పేర్లు ఒకసారి పైకి చదవండి. పది రెండు, ఇరవై మూడు, ముప్పై రెండు, నలభై మూడు, యాభై రెండు, అరవై మూడు, డెబ్బై రెండు, ఎనభై మూడు, తొంభై రెండు. 2, 3, 2, 3, 2, 3, 2, 3, 2. తాళం వేసినట్టు ఉంది కదూ! తరువాత మూడు రావాలని ఎవరైనా అంటారు. కాని వందలో రెండే అక్షరాలు, నూరు అన్నా రెండే. తొమ్మిది మెట్లు తప్పకుండా నడిచిన వరుస పదో మెట్టులో కాలు జారింది. ఆరో చుక్క దగ్గర 32 బదులు 31 వచ్చినట్టే ఇది కూడా. ఎంత దూరం సరిపోయినా, ఎందుకు సరిపోతోందో తెలిసేదాకా తరువాతి అంకెకు హామీ లేదు.

ఈ పదుల వరుసను నేను ఇద్దరు ముగ్గురు మన పిల్లలకు ఇచ్చి చూశాను. అక్షరాలు లెక్కపెట్టడం వాళ్ళకు కష్టం కాలేదు. డెబ్బైకి, తొంభైకి తేడా తెలియకపోవడం దగ్గర ఆగిపోయారు. ఒకటి నుంచి పది దాకా పాటలాగా వస్తుంది. ఇరవై దాకా తడుముకుంటూ చెబుతారు. ఆ పైన "సిక్స్టీ సెవెన్ అంటే ఏంటమ్మా?" అంటారు. ఫోన్ నంబరు తెలుగులో చెప్పే ఇల్లు ఇవాళ హైదరాబాదులోనే అరుదు, బయట ఉన్న మనల్ని అనుకోవడం ఎందుకు. అయితే బయట ఉన్నచోట పోయినది తిరిగి దొరకడం కష్టం, అదే తేడా. హొసూరు ప్రాంతంలో తరతరాలుగా తెలుగు బళ్ళు ఉన్నాయి. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో అన్ని బళ్ళలోనూ తమిళం తప్పనిసరి పాఠమైంది. 2006-07లో ఒకటో తరగతి, మరుసటి ఏడు రెండో తరగతి, అలా ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే, అందులో వాదన లేదు. తమిళం, ఇంగ్లీషు పోగా తెలుగుకు మిగిలే గంటలు ఎన్ని అన్నదే ఇళ్ళలో దిగులు.

అరుగు మీది పాప బడిలో లెక్కలు ఇంగ్లీషులో చేస్తుంది. ఈ ఆట మొదలయ్యాక నూరు దాకా తెలుగులో నేర్చుకుంది. ఎవరూ వల్లె వేయించలేదు. అయ్యవారి శనక్కాయలు గెలవాలంటే ఆ పేర్లు కావాలి, అందుకని అవ్వ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడిగి పట్టుకుంది. నేను పోయినసారి వెళ్ళినప్పుడు, "అవ్వ తొంభై అనదు, తొంబై అంటుంది. అయినా రెండే" అని నాకు పాఠం చెప్పింది.

లెక్కను ఆటగా చూడటం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో పెట్టాడు. కన్నడ రాజు, సంస్కృత గ్రంథం, తెలుగు పద్యం! మహావీరుడికి హారాల్లాంటి గుణకారాలంటే మక్కువ. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి. 14287143ను 7తో గుణిస్తే 100010001, ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటే. 27994681ను 441తో గుణిస్తే 12345654321. కాలిక్యులేటరు తీయకుండా, ఇంట్లో ఇద్దరు చెరొక కాగితం మీద గుణించి సరిచూసుకోండి. ఒక అంకె తప్పితే హారం తెగిపోతుంది గనుక ఎవరిది తప్పో వెంటనే బయటపడుతుంది.

వచ్చే సంచిక దాకా మీకు పని. రెండు దగ్గర ఆగే లెక్కలో ఎనిమిదికి మూడు మెట్లు పడతాయి: నాలుగు, మూడు, రెండు. నాలుగు మెట్లు పట్టే అతి చిన్న సంఖ్య ఏది? నూరు లోపల దొరకదని చెప్పి కొంత శ్రమ తగ్గిస్తున్నాను. నూరు దాటాక నూట ఒకటి, నూట రెండు అని చదవండి. ఉత్తరాదిన ఉన్న పాఠకులు హిందీ అంకెలతో ఇదే ఆట ఆడి, అవి ఆగుతాయో, ఊగుతాయో రాయండి. ఒడియా, మరాఠీ, బెంగాలీ వచ్చినవారూ అంతే. ఐదు దగ్గర ఆగే భాష దొరికితే మామకు కబురు పెడతాను, ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు. ఇంకొకటి: 2, 2, 3, 2, 2, 2, 2 అనే వరుస మీ గోడ మీది క్యాలెండరులో ఉంది. అది ఏమిటో, ఎనిమిదో అంకె ఎందుకు అడగకూడదో చెప్పాలి. క్యాలెండరులో రాసినట్టుగానే చదవండి, చివర వారం అన్న మాట కలపకండి. వేరే జవాబు తోచినవారు దాని సూత్రం కూడా తప్పక రాయండి. అరుగు మీది నిబంధన ఈ శీర్షికకు కూడా వర్తిస్తుంది. శనక్కాయలు పోస్టులో పంపడం మాత్రం నా వల్ల కాదు.